మీకు తెలుసా? బల్ల మీద అంతరిక్ష నౌక, బుర్రలో దయ్యం

బోర్డు గేమ్ అనగానే మనకు గుర్తొచ్చేవి చదరంగం, క్యారమ్స్, లూడో, ఇంకాస్త ఖర్చుపెట్టే ఇళ్లలో మోనోపలీ. వీటితో ఎవరూ భయపడ్డ దాఖలాల్లేవు. ఓడిపోయి అలిగిన దాఖలాలైతే బోలెడు. యూరప్, అమెరికాల్లో మాత్రం పెద్దవాళ్లు పనిగట్టుకుని రెండు మూడు గంటలు కూర్చుని, దీపాలు తగ్గించుకుని మరీ భయపడే బోర్డు గేములు ఉన్నాయి. వాటిలో అంతరిక్షాన్ని, మనిషి మనసును కలిపి అల్లినవి మరీ విచిత్రం. ఆ లోకంలోంచి ఏరుకొచ్చిన కబుర్లు ఇవి.

పిచ్చిని వేరే పెట్టెలో పెట్టి అమ్ముతారని మీకు తెలుసా?

‘నెమెసిస్’ అనే సైన్స్ ఫిక్షన్ బోర్డు గేమ్ ఒకటుంది. రూపకర్త ఆడమ్ క్వాపిన్‌స్కి. తయారుచేసింది పోలండ్‌కు చెందిన అవేకెన్ రెల్మ్స్. ఒకరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. నౌక పేరు కూడా నెమెసిసే. సిబ్బంది సుదీర్ఘ నిద్రలోంచి లేస్తారు. చూస్తే పక్కనే తమలో ఒకడి శవం, ఛాతీలో పెద్ద రంధ్రం. అక్కణ్నుంచి ఆట మొదలు.

ఈ ఆటకు విడిగా కొనుక్కునే ఎక్స్‌పాన్షన్ ‘వాయిడ్ సీడర్స్’. ఎక్స్‌పాన్షన్ అంటే అదనపు పెట్టె. అసలు ఆట లేకుండా అదొక్కటే కొంటే ఎందుకూ పనికిరాదు. మూల ఆటలో శత్రువులు ఒంట్లోకి దూరే జీవులు: గుడ్లు పెడతాయి, లార్వాలవుతాయి, పెరుగుతాయి, చంపుతాయి. ఈ పెట్టె తెరిస్తే వాటిని పక్కన పెట్టేసి మరో జాతిని నౌకలోకి దించాలి. ఇవి ఒంటి జోలికంటే ముందు మనసు జోలికి వస్తాయి. సిబ్బందికి మతి చలించడమే ఇక్కడ అసలు ప్రమాదం. మామూలు హారర్ ఆటను సైకలాజికల్ హారర్‌గా మార్చే పెట్టె అన్నమాట.

ఇదే ఆటకు ‘కార్నోమార్ఫ్స్’ అని ఇంకో ఎక్స్‌పాన్షన్ కూడా ఉంది. అందులోని జీవులు శవాలు తిని రూపం మార్చుకుంటాయి. భోజనానికి ముందు ఆడేది కాదు.

అడుగు వేస్తే చప్పుడు

నెమెసిస్‌లో ఒక గదిలోంచి ఎవరూ లేని ఇంకో గదిలోకి వెళ్లిన ప్రతిసారీ పది ముఖాల పాచిక వెయ్యాలి. వచ్చిన అంకెను బట్టి ఆ గదిని ఆనుకున్న ఏదో ఒక నడవాలో ‘చప్పుడు’ గుర్తు పెడతారు. మొదటిసారికి ఏమీ కాదు. అదే నడవాలో రెండోసారి చప్పుడు పడిందంటే ఏదో ఒకటి బయటికొస్తుంది. ఏది వస్తుందో ఎవరికీ తెలీదు. సంచిలో చెయ్యి పెట్టి బిళ్ల తియ్యాల్సిందే. లార్వా రావచ్చు, పెద్ద జీవి రావచ్చు. ఆ జీవుల రాణి బిళ్ల మొదటి నుంచే ఆ సంచిలో ఉంటుంది.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. నాకు ఈ ఆటలో బాగా నచ్చినది ఇదే. బిళ్ల వెనకాల ఒక అంకె ఉంటుంది. ఆ క్షణాన మీ చేతిలో ఉన్న కార్డులు అంతకంటే తక్కువైతే, ఆ జీవి మిమ్మల్ని ఏమరుపాటున దెబ్బ కొట్టినట్టు లెక్క. ఈ ఆటలో ఏ పని చెయ్యాలన్నా చేతిలోని కార్డులు వదులుకోవాలి. అంటే గబగబా పనులు చేసేసి చేతులు ఖాళీ చేసుకున్నవాడే సులువుగా దొరికిపోతాడు. అలసిపోయిన మనిషికి పరధ్యానం ఎక్కువన్న సంగతిని ఒక్క ముక్క వివరణ లేకుండా లెక్కలోకి దించేశారు. ఈ ఒక్క నియమానికి రూపకర్తకు దండం పెట్టొచ్చు.

ఎర్ర ప్లాస్టిక్ ముక్క చేసే జాతకం

మీ ఒంట్లో ఏముందో మీకే తెలియకపోతే? నెమెసిస్‌లో సరిగ్గా అదే జరుగుతుంది. జీవులతో తలపడ్డప్పుడు తరచూ ‘కంటామినేషన్’ కార్డు ఒకటి మీ పేకలోకి చేరుతుంది. ఈ కార్డు దేనికీ పనికిరాదు, ఖర్చు కింద వదులుకోవడానికీ వీల్లేదు. చేతిలోకి వచ్చి కూర్చుని, మంచి కార్డు రావాల్సిన చోటు తినేస్తుంది. ఒంట్లో నలత ఉన్నప్పుడు ఏ పనీ సాగకపోవడాన్ని ఇంతకంటే తేలిగ్గా చూపించలేరేమో.

అంతకంటే తమాషా ఆ కార్డు మీది అచ్చులో ఉంది. చూస్తే ఎర్రటి గీతలు, అక్షరాలు అల్లిబిల్లిగా కలిసిపోయి ఉంటాయి. కళ్లు చిట్లించినా ఏమీ తెలీదు. పెట్టెతోపాటు ‘స్కానర్’ పేరుతో చిన్న ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఇస్తారు. దాన్ని కార్డు మీద పెడితే పైనున్న ఎర్ర గజిబిజి మాయమై, అడుగున దాగిన మాట బయటపడుతుంది. సోకిందని రాసి ఉంటే మీ కడుపులో ఒక జీవి పెరుగుతోందని అర్థం. కిటుకు కొత్తదేం కాదు. పిల్లల పుస్తకాల్లో రహస్య సందేశాలు చదవడానికి ఇచ్చే ఎర్ర కాగితం ఇదే పని చేస్తుంది. ఎర్ర ఫిల్టరులోంచి చూస్తే ఎర్ర సిరా తెల్ల కాగితంలో కలిసిపోతుంది, వేరే రంగు సిరా మాత్రం నల్లగా తేలుతుంది.

ఆట అయిపోయి, నౌక గమ్యం చేరి, బతికి బయటపడ్డామని ఊపిరి పీల్చుకున్నవాళ్లు కూడా తమ కార్డులకు ఈ పరీక్ష చేయించుకోవాలి. రెండున్నర గంటలు ఆడి గెలిచాననుకున్న మనిషి, ఆ ఎర్ర ముక్క కిందికి తొంగి చూసి శవమైపోవచ్చు.

ఇంజిన్ బాగుందని చెప్పినవాణ్ని నమ్మొచ్చా?

నౌకలో మూడు ఇంజిన్లు. కనీసం రెండు పనిచేస్తేనే గట్టెక్కేది. ఇంజిన్ గదికి వెళ్లిన ఆటగాడు అక్కడ బోర్లించిన బిళ్లను ఎత్తి, తానొక్కడే చూసి, మళ్లీ బోర్లించి పెట్టేస్తాడు. తర్వాత మిగతావాళ్లకు ఏం చెప్పాలన్నది అతనిష్టం. నిజం చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు. నౌక ఏ గ్రహం వైపు వెళుతోందన్నదీ అంతే. భూమా, అంగారకుడా, శుక్రుడా, అంతులేని శూన్యమా అన్నది కాక్‌పిట్‌కు వెళ్లి రహస్యంగా చూసినవాడికే తెలుస్తుంది.

ఎందుకు అబద్ధం చెబుతారంటే, ఆట మొదట్లోనే ప్రతి ఒక్కరికీ రెండు రహస్య లక్ష్యాల కార్డులు ఇస్తారు. ఒకటి కంపెనీ అప్పజెప్పిన పని, రెండోది సొంత కోరిక. మొదటి జీవి కనబడ్డ క్షణాన అందరూ వాటిలో ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని పారెయ్యాలి. ఆ కార్డుల్లో కొన్ని నిరపాయమైనవి. కొన్నింటిలో మాత్రం ఫలానా ఆటగాడు బతికి బయటపడకూడదని రాసి ఉంటుంది. ఆ ఫలానా వ్యక్తి మీ ఎదురుగా కూర్చుని వేరుశనగలు తింటూ ఉంటాడు.

ఎవరూ ఎవర్నీ కొట్టకూడదు

అయినా ఈ ఆటలో ఒక ఆటగాడు ఇంకో ఆటగాడి మీద నేరుగా దాడి చెయ్యడానికి వీల్లేదు. తుపాకీ ఉన్నా సరే, అది జీవుల మీదే. కాబట్టి చంపాలనుకున్నవాడు వేరే దారి వెతుక్కోవాలి. తలుపు మూసెయ్యాలి, ఒంటరిగా వదిలెయ్యాలి, ఒక్కడే ఎస్కేప్ పాడ్ ఎక్కి వెళ్లిపోవాలి, నౌకను పేల్చేసే మీట నొక్కాలి. పైకి అంతా ప్రమాదంలాగే కనిపించాలి.

మన అష్టాచెమ్మాలో పక్కవాడి కాయను చంపడం బాహాటం. చంపి నవ్వుతాం కూడా. ఇక్కడ చంపినవాడే అందరికంటే ముందు ‘అయ్యో’ అనాలి. ఆ తేడాలోనే ఉంది సైకలాజికల్ హారర్ అంతా. బొమ్మ ఎంత వికారంగా ఉన్నా పది నిమిషాల్లో కంటికి అలవాటవుతుంది. మిత్రుడి మొహం చూసి నిజమో అబద్ధమో తేల్చుకోవడం ఎన్నాళ్లకీ అలవాటు కాదు.

సొంత నౌకలో గదులు ఎక్కడున్నాయో మర్చిపోతే?

బోర్డు మీద చాలా గదులు బోర్లించి ఉంటాయి. వెళ్లి చూస్తేగానీ ఏది వంటగదో, ఏది ఆయుధాల గదో తెలీదు. ‘సొంత నౌకే కదా, గుర్తుండదా?’ అని ఎవరైనా అడుగుతారని ముందే ఊహించి, సుదీర్ఘ నిద్ర వల్ల జ్ఞాపకాలు మసకబారాయని కథలో ఒక కారణం పెట్టారు. ప్రతిసారీ గదుల అమరిక మార్చుకునే సౌలభ్యానికి ఇది సాకు. పనిలో పనిగా, మొదటి నిమిషం నుంచే మీ బుర్రను మీరు నమ్మలేని పరిస్థితి కూడా వచ్చేసింది.

బొమ్మలకు రంగులేసిన చేతులే

అవేకెన్ రెల్మ్స్ మొదట ఆటల కంపెనీ కాదు. ఇతరుల ఆటబొమ్మలకు రంగులు వేసిచ్చే స్టూడియోగా మొదలైంది. వాళ్ల ఆటల్లో బొమ్మలు అంత నేవళంగా ఉండటానికి కారణం అదే కావచ్చు. నెమెసిస్ కోసం 2018 మొదట్లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర ముందస్తుగా డబ్బు అడిగితే 30 వేల మందికి పైగా చేతులు కలిపారు. పోగైంది 30 లక్షల పౌండ్ల పైచిలుకు. ఇంకా తయారు కాని భయానికి ముందే డబ్బు కట్టినవాళ్లు వీళ్లు. తర్వాత ‘నెమెసిస్: లాక్‌డౌన్’ వచ్చింది. కథాస్థలం అంగారకుడి మీది స్థావరం. అందులో కరెంటు పోవడం కూడా ఆటలో భాగమే. అక్కడివాళ్లకు అది కొత్త భయం. మనకు కొత్తేం కాదు.

పిల్లలకు అమ్మిన పెద్దల సినిమా

నెమెసిస్ చూడగానే ఎవరికైనా 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ సినిమా తడుతుంది. సినిమాలో నౌక పేరు నోస్ట్రోమో. అమెరికాలో 17 ఏళ్లు నిండనివాళ్లు పెద్దల తోడు లేకుండా ఆ సినిమా చూడకూడదు. విడ్డూరం ఏమిటంటే, అదే ఏడాది కెన్నర్ అనే బొమ్మల కంపెనీ ఆ సినిమా పేరుతో పిల్లల బోర్డు గేమ్ అమ్మింది. రాక్షసికి చిక్కకుండా చివరి చిన్న నౌకను చేరుకోవడమే ఆట. దాంతోపాటు మూరెడు పొడవున్న రాక్షసి బొమ్మనూ దుకాణాల్లో పెట్టారు. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. స్టార్ వార్స్ బొమ్మలతో బాగా గడించిన కంపెనీ అది. అంతరిక్షం ఏదైనా ఒకటేలే అనుకున్నట్టుంది.

రాక్షసులు లేని అంతరిక్ష భయం

మనసులోకి చొరబడే గ్రహాంతర శక్తి అనే ఊహకు పోలండ్‌లోనే పెద్ద తాత ఉన్నాడు. స్తానిస్లావ్ లెమ్ 1961లో రాసిన ‘సొలారిస్’ నవల అది. ఒక గ్రహం నిండా సముద్రం. ఆ సముద్రమే ఒక ప్రాణి. దాని మీద తేలే పరిశోధన కేంద్రానికి వెళ్లిన శాస్త్రవేత్త కెల్విన్ దగ్గరికి, ఎప్పుడో చనిపోయిన అతని భార్య వస్తుంది. అచ్చం మనిషే. సముద్రం అతని జ్ఞాపకాల్లోంచి తవ్వితీసి తయారుచేసిన మనిషి. పంజా విసరదు, కోరలు లేవు, ప్రేమగా పక్కన కూర్చుంటుంది. అంతకంటే భయంకరమైన గ్రహాంతర జీవిని ఇంకెవరైనా సృష్టించారేమో చెప్పడం కష్టం.

1972లో తార్కోవ్‌స్కీ దీన్ని సినిమాగా తీశాడు. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ సినిమా లెమ్‌కు నచ్చలేదు. ఇద్దరూ గట్టిగానే గొడవపడ్డారు. నవల చదివినవాళ్లకు వాయిడ్ సీడర్స్ లాంటి పెట్టెలో ఏముందో సగం ముందే తెలిసిపోతుంది.

అనుమానపు ఆటకు పుట్టిల్లు సైకాలజీ విభాగమే

పక్కన కూర్చున్నవాళ్లలో దొంగ ఎవడో తేల్చే ‘మాఫియా’ ఆట మన కాలేజీ హాస్టళ్లలోనూ ఆడతారు. చీట్లు పంచుతారు, అందరూ కళ్లు మూసుకుంటారు, మాఫియా మాత్రం కళ్లు తెరిచి ఒకరిని చంపుతుంది. ఈ ఆటను 1986లో తయారుచేసినవాడు దిమిత్రీ దవీదోవ్. మాస్కో స్టేట్ యూనివర్సిటీ సైకాలజీ విభాగం మనిషి. సంగతి తెలిసిన కొద్దిమంది ఒక పక్క, ఏమీ తెలియని ఎక్కువమంది ఇంకో పక్క. ఈ రెండు గుంపుల మధ్య పోరు ఎలా ఉంటుందన్నదే దాని మూలం. 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ దీనికి తోడేలు మనిషి వేషం వేశాడు. కరోనా రోజుల్లో మన పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయి ఆడిన ‘అమాంగ్ అస్’ కూడా ఈ వంశంలోదే. 2018లో వచ్చినప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2020లో జనం ఇళ్లలో ఇరుక్కుపోయాక ఒక్కసారిగా పేలింది. దాని కథాస్థలమూ అంతరిక్ష నౌకే.

నేను మనిషినేనా?

అంతరిక్ష అనుమానాన్ని బోర్డు మీద ఒక ఎత్తుకు తీసుకెళ్లిన ఆట ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’. కోరీ కొనీచ్కా రూపొందించగా 2008లో వచ్చింది. అదే పేరుగల టీవీ సీరియల్ ఆధారం. మనుషుల్లో కలిసిపోయిన యంత్రమానవులు ఎవరో కనిపెట్టాలి. ఇందులోని అసలు దెబ్బ సగం ఆట అయ్యాక తగులుతుంది. విధేయతా కార్డులను మొదట ఒకసారి, మధ్యలో మరోసారి పంచుతారు. అప్పటిదాకా మనస్ఫూర్తిగా మనుషుల పక్షాన పోరాడినవాడు కార్డు తిప్పి చూసుకుంటే తాను యంత్రమని తేలవచ్చు. గంటసేపు తాను చేసిన మంచిపనులన్నింటికీ ఇప్పుడు తనే గండి కొట్టాలి. గుర్తుంచుకోండి, మొదటి గంటలో అతను అబద్ధమాడలేదు.

ఆ ఆట అచ్చు ఆగిపోయాక అదే యంత్రాంగంతో 2021లో ‘అన్‌ఫాథమబుల్’ తెచ్చారు. ఈసారి అంతరిక్షం లేదు, 1913లో అట్లాంటిక్ మీద వెళ్తున్న ఓడ. చుట్టూ నీళ్లయినా శూన్యమైనా, దిగి వెళ్లిపోయే దారి లేకపోతే చాలు, ఈ ఆట నడుస్తుంది.

తెలుసుకున్న కొద్దీ తరిగే మతి

ఆటల్లో ప్రాణానికి మార్కులుండటం పాత సంగతి. మతికి మార్కులు వేసిన పేరు 1981లో శాండీ పీటర్సన్ రూపొందించిన, పాత్రలు పోషిస్తూ ఆడే ‘కాల్ ఆఫ్ కతూలు’కు దక్కింది. ఘోరమైనది చూసిన ప్రతిసారీ మానసిక స్థిమితం కొన్ని మార్కులు తగ్గుతుంది. దాన్ని తలదన్నే నియమం మరొకటుంది. ఆ లోకపు రహస్యాల గురించి మీ పాత్రకు జ్ఞానం పెరిగిన కొద్దీ, ఆ పాత్రకు ఉండగల గరిష్ఠ స్థిమితం శాశ్వతంగా తగ్గిపోతుంది. జ్ఞానం ముక్తినిస్తుందని వింటూ పెరిగిన మనకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది.

1987లో రిచర్డ్ లానియస్ ‘ఆర్కమ్ హారర్’తో ఈ మతి మార్కులను బోర్డు మీదికి తెచ్చాడు. 2016లో వచ్చిన ‘మాన్షన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ రెండో కూర్పు ఇంకో అడుగు ముందుకేసింది. ఇందులో అందరూ ఒకే జట్టు. కానీ మీ పాత్రకు మతి తప్పితే ఒక కార్డు తీసి, ఎవరికీ చూపించకుండా చదువుకోవాలి. కొన్ని కార్డులు మీరు గెలిచే పద్ధతినే మార్చేస్తాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసేదల్లా మీకు పిచ్చెక్కిందనే. అది ఏ రకం పిచ్చో తెలీదు. అప్పటిదాకా సలహాలడిగినవాళ్లు మీ చేతికి కత్తి అందించడానికి జంకుతారు.

నన్నడిగితే హారర్ ఎక్స్‌పాన్షన్లకు ఇదే గీటురాయి. పిచ్చిని మార్కుల తగ్గింపుగా మాత్రమే చూపించే ఆట చప్పగా ఉంటుంది. పిచ్చి వల్ల మనిషి కోరుకునేదే మారిపోతే, అక్కడ పుడుతుంది భయం. ఇంకో మాట. నిజ జీవితంలో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను రాక్షసులుగా చూపే అలవాటు పాత హారర్ ఆటల్లో ఉండేది. కొత్తతరం రూపకర్తలు దాని విషయంలో కాస్త జాగ్రత్త పడుతున్నారు. పడాల్సిందే.

దక్షిణ ధ్రువంలో సినిమా రాత్రి

ఇలాంటి అనుమానపు కథల్లో చాలావాటికి మూలపురుషుడు 1938 నాటి జాన్ కాంప్‌బెల్ కథ ‘హూ గోస్ దేర్?’. అంటార్కిటికాలో మంచు కింద దొరికిన గ్రహాంతర జీవి ఎవరి రూపమైనా ఎత్తగలదు. 1982లో జాన్ కార్పెంటర్ దీన్నే ‘ద థింగ్’గా తీశాడు. దాని మీద 2017లో బోర్డు గేమూ వచ్చింది. దక్షిణ ధ్రువంలోని అమెరికా కేంద్రంలో చలికాలానికి ముందు ఆఖరి విమానం వెళ్లిపోయాక, దాదాపు ఎనిమిది నెలలు అక్కడే ఉండిపోయే సిబ్బంది కలిసి కూర్చుని ఆ సినిమా చూడటం ఆనవాయితీ. ఎంత గుండె ధైర్యమో!

నిజం వ్యోమగాముల సంగతి?

మూసిన గదిలో మనిషి ఎంతకాలం స్థిమితంగా ఉండగలడన్నది అంతరిక్ష సంస్థలకు ఆట కాదు. 2010 జూన్ నుంచి 2011 నవంబరు దాకా మాస్కోలో ‘మార్స్-500’ పేరిట ఆరుగురిని 520 రోజులు నకిలీ నౌకలో ఉంచారు. ముగ్గురు రష్యన్లు, ఒక ఫ్రెంచి, ఒక ఇటాలియన్, ఒక చైనీయుడు. రాక్షసి ఎవరికీ కనబడలేదు. కనబడ్డది మందగింపు: రోజులు గడిచేకొద్దీ కదలిక తగ్గింది, పడక ఎక్కువైంది. ఒకరి నిద్రా మెలకువల లెక్క 24 గంటల నుంచి పక్కకు జరిగిపోయింది. మిగతావాళ్లకు పొద్దయినప్పుడు అతనికి రాత్రి.

మన రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లడానికి ముందు, ఇరుకు గదిలో భయం ఉందేమో చూడటానికి ఆయన్ను బెంగళూరులో 72 గంటలు గదిలో పెట్టి తాళం వేశారు. ఆయన నెగ్గుకొచ్చారు.

ఇక లేనిది కనిపించే సంగతి. అపోలో-11 యాత్రలో బజ్ ఆల్డ్రిన్‌కు చీకట్లో మెరుపులు కనిపించాయి. కళ్లు మూసుకున్నా కనిపించేవి. మతి చలించిందనుకోవచ్చు ఎవరైనా. తర్వాతి అపోలో యాత్రల్లో వ్యోమగాములు కళ్లకు గంతలు కట్టుకుని మరీ లెక్కపెట్టారు. అవి మతిభ్రమ కావు. అంతరిక్షంలోంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలు కంటిని తాకుతూ పోతుంటే మెదడుకు వెలుగులా తోస్తుంది. కళ్లు మూసుకుంటే భయం పోతుందన్న చిట్కా అక్కడ పనిచెయ్యదు.

ఫ్యాను తెచ్చిన దయ్యం

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి చెందిన ఇంజినీరు విక్ టాండీ కథ ఇది. ఆయన పనిచేసే ప్రయోగశాలలో దయ్యం ఉందని సిబ్బంది గుసగుసలు. ఓ రాత్రి ఒంటరిగా కూర్చుని ఉంటే చెమటలు పట్టాయి, వెన్ను జలదరించింది. కంటి కొసన బూడిదరంగు ఆకారం కదిలింది. తల తిప్పితే మాయం. మర్నాడు పోటీ కోసం తన కత్తిసాము కత్తిని బాగుచేసుకుందామని బెంచీ మీది వైస్‌లో బిగించాడు. ఎవరూ ముట్టుకోకుండానే కత్తి కొస వణకడం మొదలైంది. ఇంకొకడైతే పారిపోయేవాడు. ఈయన ఇంజినీరు కదా, కత్తిని వణికిస్తున్న శక్తి ఎక్కణ్నుంచి వస్తోందా అని వెతికాడు. కొత్తగా బిగించిన గాలి ఫ్యాను సెకనుకు సుమారు 19 కంపనాలతో చెవికి అందని చప్పుడు చేస్తోంది. అమరిక మార్చగానే కత్తీ ఆగింది, దయ్యమూ పోయింది. 1998లో దీనిమీద పత్రం రాశాడు. అలాంటి వినబడని చప్పుడు అందరికీ దయ్యాల్ని చూపిస్తుందన్న వాదన తర్వాతి పరీక్షల్లో గట్టిగా నిలబడలేదు. ఆ వణికిన కత్తి మాత్రం నిజం.

ఆడాలనుకుంటే

ఇలాంటి ఆటలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోని బోర్డు గేమ్ కేఫుల్లోనూ కనిపిస్తున్నాయి. సొంతంగా కొనాలంటే ధర గట్టిగానే ఉంటుంది, పెట్టె బరువూ అంతే. కాబట్టి ముందు ఒకసారి ఆడి చూశాకే కొనండి. మొదటి రోజే వాయిడ్ సీడర్స్ లాంటి ఎక్స్‌పాన్షన్ జోలికి వెళ్లొద్దు. మూల ఆట నియమాలు చేతికి ఎక్కకుండా పిచ్చిని కూడా కలిపితే మిగిలేది విసుగే. నెమెసిస్‌లో అందరూ ఒకే జట్టుగా ఆడే పద్ధతి కూడా ఉంది. తొలిసారికి, అందులోనూ ఇంట్లోవాళ్లతో ఆడేటప్పుడు, అదే క్షేమం. బావగారు ఎస్కేప్ పాడ్‌లో ఒక్కరే వెళ్లిపోయిన సంగతి ఆట అయ్యాక మర్చిపోతామని మాత్రం ఎవరికీ మాటివ్వకండి.